వాల్వుకు నాడి చూసిన కథ

చేజర్ల పక్క పల్లెల్లోనైనా, ఆత్మకూరు, ఉదయగిరి వైపైనా, ట్రాన్సిస్టర్లు రాకముందు మైకుసెట్టంటే బరువైన ఇనప పెట్టె, లోపల నిప్పుకణికల్లా మెరిసే నాలుగైదు గాజు వాల్వులు, చెట్టుకొమ్మకు కట్టిన గొట్టం. పొద్దున ఊరవతలకు వినపడిన గొంతు రాత్రి హరికథ వేళకు పీలగా అయిపోయేది. "ఏందిరా అబ్బయా, మైకు గొంతు పోయిందే?" అని పందిట్లోంచి కేక. కుర్రాడు వంగి చూస్తే వాల్వులన్నీ వెలుగుతూనే ఉంటాయి.

చిక్కంతా అక్కడే. వెలిగే వాల్వల్లా పనిచేసే వాల్వు కాదు.

మనకు కనిపించే ఎరుపు హీటరుది. దాని వేడికి కాథోడు నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. 250 వోల్టుల ప్లేటు వాటిని లాక్కుంటుంది. మధ్యలో సన్నని తీగచుట్ట, గ్రిడ్డు. సోమశిల కాలువల కింద సేద్యం చేసేవాళ్లకు దీన్ని వివరించడం తేలిక: గ్రిడ్డు తూము పలక లాంటిది. పలకను వేలెడు కదిపితే పారకం ఎంత మారిందన్నదే వాల్వు సత్తా. రేడియోల్లోనూ ఆంప్లిఫయర్లలోనూ బాగా వాడిన ఈఎల్ 84 వాల్వునే తీసుకోండి. ప్లేటుకు 250 వోల్టులు, గ్రిడ్డుకు మైనస్ 7.3 వోల్టులు ఇస్తే 48 మిల్లీఆంపియర్లు పారాలి. గ్రిడ్డు వోల్టేజీని ఒక్క వోల్టు మారిస్తే 11.3 మిల్లీఆంపియర్ల తేడా రావాలి. అమెరికా మీటర్ల మీద ఇదే 11,300 మైక్రోమోలు. నిరోధానికి ఓమ్ అని పేరుంది కదా, ఆ ఇంగ్లిషు అక్షరాలనే తిరగేసి మో అన్నారు. ఇంజనీర్లకూ చమత్కారం ఉంటుంది మరి.

ఈ కొలత లేనంతకాలం గ్రిడ్డు వాల్వు దాని కన్నతండ్రికే అంతుపట్టలేదు. 1906లో గ్రిడ్డు పెట్టి ఆడియన్ తయారుచేసిన లీ డి ఫారెస్టు, వాల్వులో మిగిలిన వాయువే దాన్ని పనిచేయిస్తోందని నమ్మాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఊహలతో ఊరుకోలేదు. మీటర్లు పెట్టి, గ్రిడ్డు వోల్టేజీ మారేకొద్దీ ప్లేటు కరెంటు ఎలా మారుతోందో గీతలు గీసి, 1914లో అచ్చువేయించాడు. వాయువు సాయం కాదు, అడ్డమేనని తేలింది. గాలిని పూర్తిగా తోడేసిన వాల్వులతోనే 1915 జనవరిలో న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా టెలిఫోను పలికింది. ఈ ఇద్దరి మధ్య నడిచిన పేటెంటు వ్యాజ్యంలో 1934లో గెలిచింది మాత్రం డి ఫారెస్టే. నా లెక్కలో వాల్వును అర్థం చేసుకున్నవాడు ఆర్మ్‌స్ట్రాంగే.

తర్వాత టెస్టర్లు వచ్చాయి. చవక రకం, గ్రిడ్డునూ ప్లేటునూ ఒకటిగా కలిపేసి ఎలక్ట్రాన్లు ఎన్ని వస్తున్నాయో చూస్తుంది. తూము పలక ఊడదీసి పక్కనపెట్టి నీళ్లు కొలిచినట్టు! నీళ్లున్నాయని తెలుస్తుంది, పలక మాట వింటుందో లేదో తెలియదు. అమెరికాలో మందుల షాపుల్లో సైతం ఇలాంటి టెస్టర్లుండేవి, ఎవరి వాల్వు వాళ్లే తెచ్చుకుని చూసుకునేవారు. హికాక్, ఆవో కంపెనీల పెద్ద టెస్టర్లు అలా కాదు, గ్రిడ్డును కదిపి ఫలితం చూపేవి. స్టీరియోల్లో, మైకుసెట్లలో జంటగా పనిచేసే వాల్వులకు ఈ కొలత మరీ ముఖ్యం. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ లాగితే కాడెద్దుల్లో ఒకటి కుంటినట్టే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో కరెంటు ఒక పక్కకే మొగ్గి గుర్రుమనే మోత వస్తుంది.

టెస్టరు లేని మెకానిక్కుకు కళ్లూ చెవులూ ఉన్నాయి. వాల్వు గాజు లోపల వెండిపూత మచ్చ ఉంటుంది. అది బేరియం, మిగిలిన కాస్త గాలినీ పీల్చేస్తుంది. ఆ మచ్చ పాలలా తెల్లబడితే గాజు పగిలి గాలి చొరబడ్డట్టే, ఇక టెస్టరు అక్కర్లేదు. సెట్టు ఆడుతుండగా పెన్సిలు చివరతో వాల్వును మెల్లగా తట్టి, స్పీకర్లో గంట కొట్టినట్టు వినిపిస్తే లోపలి తీగలు వదులయ్యాయని అర్థం.

మళ్లీ ఆ హరికథ రాత్రికి వద్దాం. మోటార్లూ దీపాలూ కలిసి లాగేవేళ పల్లెలో 230 వోల్టులు 180కి జారితే, 6.3 వోల్టులు అందాల్సిన హీటరుకు ఐదు కూడా అందవు. వేడి తగ్గుతుంది, ఎలక్ట్రాన్లు తగ్గుతాయి, ప్లేటు వోల్టేజీ కూడా పడుతుంది, గొంతు పీలబోతుంది. వాల్వులో ఏ లోపమూ లేదు. హీటరు కాళ్ల దగ్గర మీటరు పెట్టి చూడకుండా కొత్త వాల్వు కొనిపించిన మెకానిక్కు డబ్బు దండగ చేసినట్టే. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టినా, పల్లెటూరి జేబుకు వాల్వు చిన్న ఖర్చేమీ కాదు.

మీ ఇంటి అటక మీద అలాంటి పెట్టె ఉంటే ఉత్సాహంగా ప్లగ్గు పెట్టేయకండి. ముందు వెండి మచ్చలు చూడండి. పాత వాల్వు పెట్టెలు బాగుచేసే మెకానిక్కుకు చూపించండి. లోపల మాత్రం చెయ్యి పెట్టొద్దు: ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో వందల వోల్టులు చాలాసేపు నిలిచే ఉంటాయి.