అతికిన చర్మము – దాని సంరక్షణ

జీవనోపాధికై తెలంగాణ జిల్లాలనుండి సూరతు నగరము చేరి, మరమగ్గములపైనను అద్దకపు మిల్లులలోను పనిచేయు తెలుగు కుటుంబములు అనేకము. మిల్లులలో మరుగునీటివలనను, ఆవిరివలనను ఒళ్లు కాలు ప్రమాదము కలదు. లోతుగా కాలినచోట వైద్యులు తొడ మున్నగు భాగములనుండి పలుచని చర్మపు పొరను తీసి అతుకుదురు.

పుండు మానగనే చికిత్స ముగిసినదని తలంచరాదు. చర్మమును మెత్తగా ఉంచు జిడ్డు, లోపలి సూక్ష్మగ్రంథులలో ఊరును. పలుచని పొరతో ఆ గ్రంథులు రావు. కావున అతికిన చర్మము ఎండి, దురదపెట్టి, పగులును. ఆ పగుళ్లగుండ సూక్ష్మజీవులు ప్రవేశించి పుండు తిరుగబెట్టవచ్చును. లోపించిన జిడ్డును మనమే పైనుండి సమకూర్చవలెను.

పుండు పూర్తిగా మానినదని వైద్యుడు చెప్పిన పిమ్మట, ప్రతిదినము గోరువెచ్చని నీటితో, ఘాటులేని సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దవలెను. కొంత తడి ఉండగనే పరిమళము కలపని వాసెలిన్ పలుచగా రాసి, మెల్లగా మర్దన చేయవలెను. దినమునకు 2, 3 సార్లు, నెలల తరబడి ఇట్లు చేయవలెను. చర్మము తీసిన చోటును మానిన పిదప ఇట్లే కాపాడవలెను.

గోళ్లతో గీరరాదు. సున్నము, ఆకుపసరులు పూయరాదు. ఎండలో వస్త్రము కప్పుకొనవలెను. అతికిన చర్మమునకు స్పర్శ మందము. సెగ తెలియకయే మరల కాలవచ్చును. కావున వైద్యుని అనుమతి లేనిదే వేడి యంత్రముల చెంతకు పోరాదు.

పొక్కులు, చీము, జ్వరము కనిపించినచో జాగుచేయక ఆసుపత్రికి పోవలెను. సూరతులో ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రియు, నగరపాలక సంస్థవారి స్మిమేర్ ఆసుపత్రియు కలవు. కొలదిరోజుల కూలికై తొందరపడి, నెలల చికిత్సాఫలమును పోగొట్టుకొనరాదు.