వైరము నుండి వలపు

భిలాయి ఉక్కునగరపు తెలుగువారికి అర్జునుని కథ రెండు విధముల చేరువ: ఆ కర్మాగారమున ఉద్యోగము చేసి, 2019లో పద్మవిభూషణ్ పొందిన తీజన్ బాయి పండవానీ గానము ఒకటి, 15వ శతాబ్దపు పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతము మరియొకటి.

ఈ కావ్యమున స్త్రీరాజ్యమునకు రాణియైన ప్రమీల యాగాశ్వమును బంధించి, అర్జునుని ఎదిరించి, తుదకు అతని పత్ని అయినది. ఇట్టి అద్భుతకథలు పాఠకుని ఏల ఆకర్షించును? ప్రేమికుడు మొదట అందమును చూచును. శత్రువు మొదట బలమును చూచును. కావుననే వైరము నుండి పుట్టిన వలపులో ఇరువురును సములై నిలుతురు. అద్భుతకథలో వారి నడిమి అడ్డు కోటగా, గుఱ్ఱముగా, విల్లుగా కంటికి కట్టును.

రచయితకు పరీక్ష ఇచటనే. పెండ్లితో ప్రమీల విల్లు మూలబడినచో అది పరాజయకథ మాత్రమే. ఓడవలసినది వైరము, వ్యక్తి కాదు.