పారిశ్రామిక కవాటములు – ప్రమాణముల తారతమ్యము

ఆవిరి, నీరు, చమురు గొట్టములలో ప్రవహించు ప్రతి కర్మాగారమునందును ఆ ప్రవాహమును తెరచుటకు, మూయుటకు కవాటములు కలవు. వీనినే వాడుకలో వాల్వులందురు. ఒకచోట తయారైన వాల్వు మరియొకచోట గొట్టమునకు అమరవలెనన్న ఉభయులకు సమ్మతమైన కొలతలు ఉండవలెను. అట్టి ఒడంబడికయే ప్రమాణము. అయితే ప్రమాణములు అనేకములు. వాని భేదమును కొన్ని ఉదాహరణములతో వివరింప యత్నించుచున్నాము.

అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము వారి బి 16.34 ప్రమాణము వాల్వులను క్లాస్ 150, 300, 600 మొదలగు తరగతులుగా విభజించినది. ఈ సంఖ్యయే పీడనమని భ్రమపడరాదు. డబ్ల్యు.సి.బి. అను కార్బన్ ఉక్కుతో పోతపోసిన క్లాస్ 150 వాల్వు 38 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 19.6 బార్ల పీడనమునకు తగును. 200 డిగ్రీల వద్ద 13.8 బార్లకు, 400 డిగ్రీల వద్ద 6.5 బార్లకు మాత్రమే తగును. వేడి హెచ్చినకొలది లోహము యొక్క బలము తగ్గుటయే ఇందుకు కారణము.

ఐరోపా పద్ధతిలో పి.ఎన్. 16 అనగా సాధారణ ఉష్ణోగ్రతలో 16 బార్లు. 100 మిల్లీమీటర్ల పరిమాణములో పి.ఎన్. 16 ఫ్లాంజికిని, క్లాస్ 150 ఫ్లాంజికిని ఎనిమిదేసి బోల్టు రంధ్రములే కలవు. కాని ఆ రంధ్రములు అమరిన వృత్తము యొక్క వ్యాసము మొదటిదానికి 180, రెండవదానికి 190.5 మిల్లీమీటర్లు. చూపునకు ఒక్కటిగా తోచినను రెండును జతకూడవు. బలవంతముగా బిగించినచో కారుట తప్పదు.

చమురు శుద్ధి కర్మాగారములకు ఉద్దేశించిన ఎ.పి.ఐ. 600 ప్రమాణము ఉక్కు గేటు వాల్వులకు బి 16.34 కంటె మందమైన గోడలను విధించుచున్నది. లోహము క్షయించినను కొంతకాలము నిలుచుటకే ఈ జాగ్రత్త. ఎ.పి.ఐ. 598 పరీక్షా విధానమును తెలుపును: ఉక్కు వాల్వు దేహమును నిర్ణీత పీడనమునకు ఒకటిన్నర రెట్లు, మూతను 1.1 రెట్లు ఒత్తిడితో పరీక్షింతురు. మన దేశపు ఐ.ఎస్. 14846 నీటి సరఫరాకు వాడు స్లూయిస్ వాల్వులకు సంబంధించినది. నీటికి చక్కగా సరిపోవు వాల్వు అధికోష్ణపు ఆవిరికి సరిపడదు.

కావున ఏ ప్రమాణము గొప్పదను ప్రశ్న కంటె, ఏ పనికి ఏది తగినదను ప్రశ్నయే ముఖ్యము. రేపు కర్మాగారములలో ఉద్యోగులు కాబోవు మన విద్యార్థులు వాల్వుపై నున్న పేరుపలకను, అందలి తరగతిని, లోహమును చదివి, ప్రవహించు పదార్థముతోను దాని ఉష్ణోగ్రతతోను సరిచూచుట అలవరచుకొనవలెను. అక్కడ పనిచేయు కార్మికుల ప్రాణములు ఆ చిన్న పలకపై ఆధారపడి యున్నవి.