పనికి వెళ్లే తల్లిదండ్రులు – పసిపిల్లల సంరక్షణ

నర్సీపట్నంలో బట్టల షాపులో పనిచేసే ఒక తల్లిని ఊహించండి. బిడ్డకు ఏడాదిన్నర. పగలు బిడ్డను ఎవరు చూసుకోవాలి?

అంగన్‌వాడీ ఉంది కదా అని మీరనవచ్చు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పూర్వ ప్రాథమిక విద్య 3 నుంచి 6 ఏళ్ల వారికే. అంతకంటే చిన్నవారికి ప్రధానంగా అందేది బాలామృతం వంటి ఇంటికిచ్చే పోషకాహారం, బరువు పరిశీలన. షాపు మూసేదాకా బిడ్డను ఉంచుకునే ఏర్పాటు కాదు.

2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం కల్పించాలని నిర్దేశించింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూడవచ్చు. ఐదారుగురు పనిచేసే షాపుకు ఇది వర్తించదు. విచిత్రమేమిటంటే, 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిస్థలంలో ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే చాలు, వారిని చూసేందుకు ఒక మహిళను కూలి ఇచ్చి పెట్టాలంది.

ఇక మిగిలేవి అమ్మమ్మ, ప్రైవేటు కేంద్రం. అమ్మమ్మ దగ్గర బిడ్డకు బెంగ ఉండదు; అయితే ఆమె మోకాళ్ల నొప్పులనూ లెక్కలోకి తీసుకోవాలి. ప్రైవేటు కేంద్రంలో గోడల రంగులు కాదు, ఒక్కో ఆయాకు ఎందరు పసివాళ్లో చూడాలి. చెప్పకుండా ఒక మధ్యాహ్నం వెళితే తెలుస్తుంది.

అభ్యాసం: మీ వీధి అంగన్‌వాడీలో మూడేళ్లలోపు పిల్లలు ఎందరు పగలంతా ఉంటున్నారో అడిగి రాయండి.