క్షయ: కఫపరీక్షకు అందని బాధ

క్షయవ్యాధి నయమైనదని నిర్ధారించడానికి వైద్యులకు ప్రధానమైన ఆధారం కఫపరీక్ష. చికిత్స ముగిసేనాటికి కఫంలో క్రిములు కనిపించకపోతే రోగికి నయమైనట్లు నమోదు చేస్తారు. కాని ఆ మనిషి మునుపటివలె పని చేసుకోగలుగుతున్నాడా, కడుపునిండా తినగలుగుతున్నాడా, ఇరుగుపొరుగువారు అతనిని ఆదరిస్తున్నారా అన్న ప్రశ్నలకు ఆ పరీక్షలో సమాధానం దొరకదు. ఆరోగ్యమంటే కేవలం రోగం లేకపోవడం కాదనీ, శారీరక, మానసిక, సామాజిక క్షేమమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లోనే నిర్వచించింది. జీవన నాణ్యత అనే భావనకు ఇది ఒక ఆధారం.

గోదావరీ తీరాన నృసింహ క్షేత్రంగా ప్రసిద్ధి చెందిన ధర్మపురి పూర్వం కరీంనగర్ జిల్లాలోనిది. 2016 నుండి జగిత్యాల జిల్లాలో ఉంది. ఈ ప్రాంతపు పల్లెలలో ఎందరో స్త్రీలకు బీడీలు చుట్టడం, పురుషులకు గల్ఫ్ దేశాలకు వలసపోవడం చిరకాలంగా జీవనాధారాలు. క్షయ ఈ రెండింటినీ దెబ్బ తీస్తుంది. చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని కూర్చునే స్త్రీకి వేయి బీడీలకు ఇంత అని కూలి కడతారు. జ్వరంతో వేళ్లు నెమ్మదిస్తే ఆనాటి కూలి ఆ మేరకు తగ్గుతుంది. ఇక గల్ఫ్ ప్రయాణానికి ముందు వైద్యపరీక్ష తప్పనిసరి. ఎన్నడో మానిన క్షయ ఊపిరితిత్తులలో విడిచిన మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా అభ్యర్థిని అనర్హునిగా తేల్చే నిబంధనలు అక్కడ ఉన్నాయి. నయమైన రోగమే అన్నానికి అడ్డుపడుతుందన్నమాట! ప్రయాణం కోసం అప్పు చేసినవారి అవస్థ వేరుగా చెప్పనక్కరలేదు.

పూర్వం చికిత్స అంటే ఇల్లు విడవడమే. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలోనూ, వికారాబాదు వద్ద అనంతగిరిలోనూ రోగులు నెలల తరబడి ఉండిపోయేవారు. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం ఈ పద్ధతిని మార్చింది. ఇంటివద్ద మందులు వాడినవారు శానటోరియంలో ఉన్నవారితో సమానంగా కోలుకున్నారని, వారి కుటుంబాలకు అదనపు ప్రమాదమేమీ కలుగలేదని 1959లో వెల్లడైంది. అయినా నేటికీ కొన్ని ఇండ్లలో రోగికి కంచం వేరు, గ్లాసు వేరు. క్షయ గాలి ద్వారా సోకుతుంది గాని పాత్రల ద్వారా కాదు. సరైన మందులు మొదలైన కొద్ది వారాలకే ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఈ సంగతి తెలియని ఇంట కోడలు మాత్రలను చాటుగా మింగవలసి వస్తుంది. చాటుగా మింగే మాత్ర ఏదో ఒకనాడు తప్పిపోతుంది. మందు తప్పితే క్రిమి మొండికెత్తుతుంది.

మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. పోషకాహారం కొరకు 2018 ఏప్రిల్ నుండి రోగికి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమ చేసే పథకం ఉన్నది. అయితే డబ్బు రోగి పేరిట వచ్చినా వంట ఇంటిల్లిపాదికీ ఒక్కటే. తనకని తెచ్చిన గుడ్డును పిల్లలకు పెట్టకుండా ఏ తల్లి తింటుంది? 2019, 2022 సంవత్సరాల మధ్య జార్ఖండ్‌లో జరిగిన అధ్యయనంలో రోగితో పాటు కుటుంబసభ్యులకు కూడా తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు అందించారు. రోగికి మాత్రమే ఆహారం ఇచ్చిన కుటుంబాలతో పోలిస్తే, ఆ ఇండ్లలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది.