కనీస మార్కు వేరు, సీటు వేరు

మేము ఇంటర్ పూర్తి చేసిన ఏడాది మా గదిలోని మిత్రుడొకడికి ఎంసెట్‌లో 160కి 38 మార్కులు వచ్చాయి. అర్హత మార్కు 40 అని ఎవరో చెప్పారు. రెండు మార్కులతో పోయిందనుకొని వాడు ర్యాంకు కార్డు కూడా తీసుకోకుండా బెంగళూరుకు తాపీ పనికి వెళ్లిపోయాడు. ఎస్సీ విద్యార్థి అయిన వాడికి ఆ 40 వర్తించదని మాకు తెలిసేసరికి కౌన్సెలింగ్ అయిపోయింది. మన ఇళ్లలో ఇవి చెప్పేవారు లేరు. కావున తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కనీస అర్హత మార్కు అంటే ఏమిటి?

ర్యాంకు ఇవ్వడానికి పెట్టిన గడప అది. ఎంసెట్ పేరు ఇప్పుడు ఈఏపీసెట్. రెండు రాష్ట్రాల్లోనూ 160 మార్కులకు 25 శాతం, అనగా 40 రావాలి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు లేదు. అయితే ఈ సడలింపుతో ర్యాంకు పొందినవారికి తమ వర్గానికి కేటాయించిన సీట్లలోనే ప్రవేశం దొరుకుతుంది. బీసీ విద్యార్థులు మాత్రం 40 తెచ్చుకోవలసిందే. ఎంబీఏ, ఎంసీఏ కోసం రాసే ఐసెట్‌లోనూ పద్ధతి ఇదే. 200కు 50 మార్కులు.

ఇంకొక గడప కూడా ఉంది. ఇంజనీరింగ్‌కు ఇంటర్ గ్రూపు సబ్జెక్టులలో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉండాలి. ఎంట్రన్స్ ఉంది కదా అని ఇంటర్‌ను వదిలేయకండి.

శాతం, పర్సంటైల్ ఒకటి కావు

నీట్‌లో జనరల్ వారికి 50, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 పర్సంటైల్ అర్హత. దీన్ని 40 శాతం అనుకొని, 720కి 288 రావాలని చాలామంది భయపడతారు. పర్సంటైల్ అంటే మన మార్కు కాదు, రాసినవారిలో మన స్థానం. వందమందిలో నలభైమంది మనతో సమానంగా గానీ, మనకన్నా తక్కువగా గానీ ఉంటే చాలు. అందుకే ఆ మార్కు ఏటేటా మారుతుంది. రిజర్వేషన్ వర్గాలకు 2023లో 107, 2024లో 127, 2025లో 113.

అర్హత వస్తే సీటు వచ్చినట్లేనా?

కాదు. 113 మార్కులతో ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు ఆశించలేము. సీటును నిర్ణయించేది చివరి ర్యాంకు. అంటే ఒక కళాశాలలో, ఒక బ్రాంచిలో, మన వర్గంలో ఆఖరి సీటు పొందినవారి ర్యాంకు. ఇది ముందుగా ప్రకటించేది కాదు. సీట్లు, పోటీ, విద్యార్థుల ఆప్షన్లను బట్టి తేలేది. గత సంవత్సరపు చివరి ర్యాంకుల పట్టిక చూసుకుంటే ఒక అంచనా వస్తుంది.

ర్యాంకు కట్టే తీరూ తెలుసుకోవాలి. తెలంగాణలో 2023 నుండి ఇంటర్ వెయిటేజీ తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 పరీక్షకు కూడా 25 శాతం వెయిటేజీ ఉంది.

చివరిగా ఒక మాట. కుల, ఆదాయ ధృవపత్రాలు ఫలితాలకు ముందే సిద్ధం చేసుకోండి. రెండు మూడు ఆప్షన్లతో ఆపకుండా, చేరగలిగిన కళాశాలలన్నీ ఇష్టం వచ్చిన వరుసలో పెట్టండి. మార్కులు చూసి "పోయింది" అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. ఆ రోజు వార్డెన్ గారినో, మాలాంటి సీనియర్లనో ఒక్కసారి అడగండి. మా మిత్రుడు అడగలేదు. మేమూ చెప్పలేకపోయాము. ఆ లోటు మీకు ఉండకూడదు.