గేటు ఇంగ్లండులో... గోల్‌పోస్టు వేల్స్‌లో!

ఒక ఇల్లు ఉందనుకోండి. వీధి వాకిలి ఒక ఊరి పొలిమేరలో ఉంది. వంటిల్లు, పెరడు పక్క ఊరి పొలిమేరలో ఉన్నాయి. ‘ఎంతమంది చుట్టాలనైనా పిలుచుకోండి, మాకేం అభ్యంతరం లేదు’ అంటుంది మొదటి ఊరి పంచాయతీ. ‘యాభై మంది దాటితే ఊరుకోం’ అంటుంది రెండో ఊరి పంచాయతీ. చుట్టాలేమో రెండు వేల మంది వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఇంటావిడ ఎవరి మాట వినాలి?

ఇదేదో పొడుపు కథ కాదు. 2022 జనవరిలో బ్రిటన్‌లోని చెస్టర్ అనే ఊళ్ళో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి నిజంగా వచ్చిపడిన చిక్కు. ఫుట్‌బాల్ గొడవ మనకెందుకు, అది మగపిల్లల వ్యవహారం అనుకోకండి. కరోనా రోజుల్లో ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట, టీవీలో ఇంకో మాట వింటూ సంసారాలు ఈదుకొచ్చిన వాళ్ళం మనం. ఆ క్లబ్బు వాళ్ళ అవస్థ మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

దేవత పేరున్న ఊరు

చెస్టర్ ఇంగ్లండుకి పడమటి అంచున ఉన్న పాత పట్నం. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట రోమన్లు డీ నది ఒడ్డున కోట కట్టుకుని దానికి ‘దేవా’ అని పేరు పెట్టారు. ఆ పేరు నదిదే. అక్కడి పాత కెల్టిక్ భాషలో దానికి దేవత అని అర్థం. మన ‘దేవి’కి దూరపు చుట్టమే అన్నమాట! నదిని అమ్మవారిగా తలుచుకోవడం మన గోదావరి, కృష్ణా తీరాల వాళ్ళకే సొంతం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఆ పాత పేరునే ఈ క్లబ్బు తన మైదానానికి పెట్టుకుంది. దేవా స్టేడియం. చెస్టర్ ఊరి చివర ఉంది. గేటు, ఆఫీసు ఇంగ్లండు నేల మీద ఉన్నాయి. బంతి దొర్లే పచ్చిక, జనం కూర్చునే గ్యాలరీల్లో చాలా భాగం మాత్రం వేల్స్ నేల మీద ఉన్నాయి. అంటే టిక్కెట్టు కొనుక్కుని లోపలికి నడిచేసరికి మనిషి ఒక దేశం దాటి ఇంకో దేశంలోకి వెళ్ళిపోతాడు. చెక్‌పోస్టూ ఉండదు, పాస్‌పోర్టూ అడగరు.

ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండు, ఉత్తర ఐర్లండు... ఈ నాలుగూ కలిస్తే బ్రిటన్ అని మనం పిలిచే రాజ్యం. ఉమ్మడి కుటుంబంలో నలుగురు అన్నదమ్ముల్లాగా ఎవరి గది వాళ్ళది, చూరు మాత్రం ఒకటే.

గీత పాతది, దాని బలం కొత్తది

మరి సరిహద్దు మీద మైదానం కట్టుకోవడం ఎందుకు, ముందూ వెనకా చూసుకోవద్దా అనిపిస్తుంది. వాళ్ళ తప్పేమీ లేదు పాపం. క్లబ్బు 1990లో తన పాత మైదానం వదులుకోవలసి వచ్చింది. రెండేళ్ళ పాటు మేకిల్స్‌ఫీల్డ్ అనే వేరే ఊరికి వెళ్ళి, అక్కడి మైదానంలో సొంత ఆటలు ఆడుకుంది. సొంతిల్లు కూలిపోయి అద్దె గదిలో పండగ చేసుకున్నట్టు ఉండి ఉంటుంది. 1992లో దేవా స్టేడియం తయారయ్యాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

అప్పటికి వేల్స్‌కి సొంత చట్టసభ లేదు. 1997లో ప్రజల అభిప్రాయం అడిగితే అతి స్వల్ప తేడాతో ‘కావాలి’ అన్నారు. 1999లో సభ ఏర్పడింది. ఆరోగ్యం, విద్య లాంటివి దాని చేతికి వచ్చాయి. కాబట్టి స్టేడియం కట్టిన రోజున ఆ గీతకి పెద్దగా విలువ లేదు. ఏ పన్ను ఏ కౌన్సిలుకి కట్టాలి అన్నంత వరకే. ఇల్లు కట్టుకున్న చాలా ఏళ్ళకి నట్టింట్లో గోడ లేచినట్టయింది. ఆ గోడ ఎంత ఎత్తుందో కరోనా వచ్చాక గాని తెలిసిరాలేదు.

ఒక కొట్లో అమ్మేది, ఇంకో కొట్లో అమ్మనిది

2020 మార్చిలో మొదటిసారి అంతా మూసేసినప్పుడు నాలుగు చోట్లా ఒకటే పద్ధతి. రెండు నెలలు తిరక్కుండానే దారులు వేరయ్యాయి. మే 10న ఇంగ్లండులో ‘జాగ్రత్తగా ఉండండి’ అనడం మొదలుపెడితే, వేల్స్ ‘ఇంట్లోనే ఉండండి’ అన్న పాత మాట మీదే నిలబడింది.

అక్టోబరు వచ్చేసరికి తేడా మరీ ఎక్కువైంది. 2020 అక్టోబరు 23 నుంచి నవంబరు 9 దాకా వేల్స్ అంతా మూతపడింది. ఇంగ్లండు నవంబరు 5న మూసి, డిసెంబరు 2న తెరిచింది. వీళ్ళు తెరిచేసరికి వాళ్ళు మూశారు. సరిహద్దు పల్లెల్లో ఉంటూ చెస్టర్‌లో ఉద్యోగం చేసుకునేవాళ్ళు, చెస్టర్‌లో ఉంటూ అవతల పల్లెలో తల్లిని చూసుకునేవాళ్ళు ఏ రోజు ఏది తప్పో, ఏది ఒప్పో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

ఆ అక్టోబరులో వేల్స్ సూపర్ మార్కెట్లలో ఇంకో చిత్రం. అత్యవసరం కాని వస్తువులు అమ్మకూడదన్నారు. బియ్యం, పాలు, మందులు సరే. బట్టలు, బొమ్మలు, కెటిల్స్ ఉన్న అరలకి ప్లాస్టిక్ పట్టాలు కప్పేశారు. చలికాలం మొదట్లో పసిబిడ్డకి బట్టలు అత్యవసరం కాదా? ఈ ప్రశ్న వేసింది తల్లులే. ఒక కొట్లో నెలసరికి వాడే ప్యాడ్లున్న వరస మూసి ఉంది. అడిగిన ఒకామెకి ‘ప్రభుత్వ నిబంధన’ అని జవాబొచ్చింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. మేం అలా అననే లేదని ప్రభుత్వం చెప్పింది. ఆ వరస మూసింది వేరే కారణం వల్లనని తేలి కొట్టువాళ్ళు క్షమాపణ చెప్పుకున్నారు. నిబంధన రాసేచోట ఆడవాళ్ళు లేకపోయినా, అమలుచేసే చోట ఆ బరువు ముందుగా పడేది ఆడవాళ్ళ మీదే అని ఈ ఒక్క సంగతితో తెలియడం లేదూ?

యాభై మందా, రెండు వేల మందా?

ఇక ఫుట్‌బాల్ దగ్గరికొద్దాం. 2021 డిసెంబరులో ఒమిక్రాన్ విజృంభించింది. వేల్స్ ప్రభుత్వం డిసెంబరు 26 నుంచి ఆరుబయట జరిగే ఆటలకి యాభై మంది ప్రేక్షకులను మించి రానివ్వకూడదంది. ఇంగ్లండులో మాత్రం భారీగా జనం వచ్చే చోట టీకా వేసుకున్నట్టుగాని, పరీక్ష చేయించుకున్నట్టుగాని రుజువు చూపించాలన్నారంతే. రెండు మూడు వేలు వచ్చే చిన్న మైదానాలకి అదీ లేదు.

చెస్టర్ క్లబ్బు తాను ఇంగ్లండు క్లబ్బునే అనుకుంది. పేరు రిజిస్టరైంది ఇంగ్లండులో, ఆడేది ఇంగ్లండు పోటీల్లో, స్టేడియం ఉన్న స్థలం ఇంగ్లండు కౌన్సిలుది. కాబట్టి డిసెంబరు 28న, జనవరి 2న ఎప్పటిలాగే ఆటలు జరిపించింది. రెండింటికీ రెండు వేలకి పైగా జనం వచ్చారు. క్రిస్మస్ సెలవులు కదా, కుటుంబాలతో వస్తారు.

ఆ వెంటనే ఉత్తర వేల్స్ పోలీసుల నుంచి, ఫ్లింట్‌షైర్ కౌన్సిలు నుంచి హెచ్చరిక వచ్చింది. మీరు వేల్స్ కరోనా నిబంధనలు ఉల్లంఘించి ఉండవచ్చు అని. జనవరి 7న అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. స్టేడియం వేల్స్‌లో ఉంది, కాబట్టి వేల్స్ నిబంధనలే వర్తిస్తాయి అని అక్కడి ప్రభుత్వం తేల్చిచెప్పింది. రిజిస్ట్రేషను ఎక్కడున్నా, లీగు ఏదైనా, కాలు మోపిన నేలదే చట్టం అన్నమాట. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చివరికి జనవరి 15న జరగవలసిన సొంత ఆటని వాయిదా వేసుకోక తప్పింది కాదు.

టిక్కెట్టు డబ్బే బియ్యం డబ్బు

ఒక ఆట ఆగితే కొంపలు మునుగుతాయా అని అడగచ్చు. ఈ క్లబ్బు సంగతి తెలిస్తే అలా అడగరు. 1885లో పుట్టిన పాత క్లబ్బు, చెస్టర్ సిటీ, బాకీలు తీర్చలేక 2010 మార్చిలో కోర్టు ఉత్తర్వుతో మూతపడింది. నూట పాతికేళ్ళ చరిత్ర ఒక్క రోజులో ముగిసిపోయింది. ఊళ్ళో అభిమానులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. తలా కాస్త డబ్బు వేసుకుని, అదే ఏడాది కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. దానికి కోటీశ్వరుడైన యజమాని ఎవరూ లేరు. అభిమానులే సభ్యులు, సభ్యులే యజమానులు, మనిషికొక ఓటు. మన మహిళా పొదుపు సంఘాలు ఎలా నడుస్తాయో ఇంచుమించు అలాగే. కింది మెట్టు నుంచి మొదలుపెట్టి 2011, 2012, 2013ల్లో వరసగా మూడేళ్ళూ పై మెట్టు ఎక్కారు. గొడవ జరిగేనాటికి ఆరో శ్రేణిలో ఆడుతున్నారు.

పెద్ద క్లబ్బులకి టీవీ డబ్బు వస్తుంది. అదే జనవరిలో వేల్స్‌లోని స్వాన్సీ, కార్డిఫ్ క్లబ్బులు ఖాళీ గ్యాలరీల ముందు కప్పు పోటీ ఆడేసుకున్నాయి. చిన్న క్లబ్బుకి గేటు దగ్గర వచ్చే టిక్కెట్టు డబ్బే ప్రాణాధారం. అందులోంచే ఆటగాళ్ళ జీతం, కరెంటు బిల్లు, పచ్చిక కోత. రెండు వేల మంది స్థానంలో యాభై మందిని కూర్చోబెట్టి ఆట నడపడమంటే, నెల జీతంలో నలభయ్యో వంతు చేతిలో పెట్టి సంసారం నడపమన్నట్టే.

వేల్స్ ప్రభుత్వం మాటా కొట్టిపారేయలేం. ఆసుపత్రుల మీద ఒత్తిడి పెరగకముందే కట్టడి చేయాలనుకుంది. సొంత క్లబ్బులను, పార్కుల్లో వారం వారం పరుగెత్తే మామూలు మనుషులను కూడా ఆపిన ప్రభుత్వం, చెస్టర్ ఒక్కదాన్ని వదిలేస్తే మిగతావాళ్ళకి ఏం జవాబు చెబుతుంది? ఒక పిల్లాడికి మినహాయింపు ఇస్తే రెండోవాడు ఊరుకుంటాడా?

కాని ఇంకో వైపు చూడండి. ఆటకి రావద్దన్న అదే అభిమాని, మైలు దూరంలో ఇంగ్లండు వైపున్న పబ్బులో తలుపులు మూసుకుని, పదిమంది మధ్య కూర్చోవచ్చు. అది చట్టబద్ధం. ఆరుబయట గాలిలో కూర్చుంటే తప్పు. వైరస్‌కి పొలిమేర రాళ్ళు కనిపించవు కదా!

వీధి తలుపు ఎటు ఉంటే...

బెల్జియం, నెదర్లాండ్స్ కలిసే చోట బార్లె అనే ఊరుంది. అక్కడ సరిహద్దు వీధుల్లోంచీ ఇళ్ళలోంచీ కూడా పోతుంది. ఇల్లు ఏ దేశానిదని తేల్చడానికి వాళ్ళు ఎప్పటినుంచో ఒక ఒప్పందం పెట్టుకున్నారు. వీధి తలుపు ఏ దేశంలో తెరుచుకుంటే ఇల్లు ఆ దేశానిది. ఆ లెక్కన అయితే చెస్టర్ క్లబ్బు ఇంగ్లండుదే అయ్యేది! కాని అంత అనుభవమున్న బార్లెలోనే 2020 మార్చిలో ఒక బట్టల కొట్టు నడిమధ్య టేపు కట్టారు. బెల్జియం సగం మూసి, నెదర్లాండ్స్ సగం తెరిచి ఉంచారు.

అంత దూరం ఎందుకు? 2021 మేలో మన దగ్గర ఏం జరిగింది? ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం పన్నెండింటి దాకా సడలింపు, తెలంగాణలో పొద్దున పదింటి దాకానే. అక్కడికైతే సర్దుకోవచ్చు. కర్నూలు దగ్గర పుల్లూరులో, కోదాడ దగ్గర రామాపురంలో హైదరాబాదు ఆసుపత్రులకి వెళ్ళే అంబులెన్సులు ఆగిపోయాయి. లోపల ఊపిరందని మనిషి, పక్కన సెలైన్ సీసా పట్టుకున్న ఇల్లాలు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు అమలును నిలిపివేస్తే గాని దారి తెరుచుకోలేదు. చెస్టర్‌లో ఆగింది ఆట, ఇక్కడ ఆగింది ప్రాణం. రెండింటినీ ఒక తక్కెడలో తూచలేం. పాఠం మాత్రం ఒకటే. రాజధానిలో కూర్చుని నిబంధన రాసేవాళ్ళకి పొలిమేర అంటే పటంలో గీత. అక్కడ బతికేవాళ్ళకి అది రోజూ దాటే గడప.

చివరికేమైంది?

చెస్టర్ కథ కోర్టుల దాకా వెళ్ళకుండానే సుఖాంతమైంది. జనవరి 14న వేల్స్ ప్రభుత్వం సడలింపులు ప్రకటించింది. మర్నాటి నుంచి ఆరుబయట ఐదు వందల మంది దాకా రావచ్చంది. 21 నుంచి ఆ పరిమితి కూడా తీసేసింది. నాలుగు వారాలైనా నిండని నిబంధన. ఈలోపే ఆ చిన్న క్లబ్బు గుండెలు అరచేతిలో పెట్టుకుంది.

నిబంధనలు వద్దని కాదు. ఇంటికైనా ఊరికైనా కట్టుబాటు ఉండాల్సిందే. కాని ఒకే చూరు కింద ఉన్న రెండు గదులకి రెండు పద్ధతులు పెట్టేముందు, రెండు గదుల పెద్దలూ ఒక్కసారి మాట్లాడుకోవాలి. ఆ గడప మీద నిలబడ్డ మనిషిని పిలిచి, ‘నీకెలా వీలవుతుంది?’ అని అడగాలి. డిసెంబరు 26కి ముందే చెస్టర్ వాళ్ళని ఎవరైనా అలా అడిగి ఉంటే ఆ హెచ్చరికలు, ఆ సమావేశాలు, ఆ వాయిదా అవసరమయ్యేవి కాదేమో.

తోడికోడళ్ళు ఇద్దరు ఒకే వంటింట్లో సర్దుకుపోయే నేర్పు మన ఇళ్ళలో ఉంది. అది ప్రభుత్వాలకి అంత కష్టమంటారా?